చెప్పిన టైముకి లేవని థ్రెడ్

వీడియో ప్లేయర్‌ని డబ్బింగ్ సినిమాతో పరీక్షించకూడదు. పెదాలు ఎలాగూ మాటతో కలవవు, తప్పు ప్లేయర్‌దో డబ్బింగ్‌దో తేలదు. నేనైతే క్లోజప్‌లో తెలుగు మాట్లాడే సీను పెట్టుకుని ప, బ, మలు వచ్చేచోట ఆపుతాను. వాటికి పెదాలు మూయక తప్పదు. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవాళ్లు పట్టేస్తారనీ, వెనకబడితే 125 దాకా పట్టించుకోరనీ అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ 1998 సిఫార్సు. ఉరుము మెరుపు తర్వాతే రావాలి కదా మరి.

ఈమధ్య చేతికొచ్చిన బగ్‌లో శబ్దం బాగానే ఉంది, బొమ్మే తడబడుతోంది. సెకనుకి 60 ఫ్రేముల వీడియో, అదీ కొన్ని విండోస్ మెషీన్లలోనే. "అన్నా, క్రోమ్ తెరిచి ఉంచితే స్మూత్‌గా ఆడుతోంది" అంది మా టెస్టర్. నవ్వొచ్చింది గానీ, దారి దొరికింది అక్కడే.

ఫ్రేమును తెరమీదికి పంపే థ్రెడ్ మధ్యమధ్య ఒక్క మిల్లీసెకను స్లీప్ అడుగుతోంది. విండోస్ టైమర్ మామూలుగా కొట్టుకునేది 15.6 మిల్లీసెకన్లకోసారి. అడిగింది ఒకటైనా నిద్ర అంతదాకా సాగొచ్చు. ఒక ఫ్రేముకున్న టైమే 16.67! బ్రౌజర్ తన అవసరానికి టైమర్ వేగం పెంచమంటే పాత విండోస్‌లో అది అందరికీ వర్తించేది. 2020లో వచ్చిన విండోస్ 10, 2004 వెర్షన్ నుంచి ఎవరడిగింది వాళ్లకే.

ఇలాంటివి వెతికేటప్పుడు ప్రతి ఫ్రేముకీ లాగ్ ప్రింట్ చేయకండి. ప్రింటుకి పట్టే కాసేపటికే థ్రెడ్ల వరస మారి బగ్ దాక్కుంటుంది. టైములన్నీ మెమరీలో రాసిపెట్టి, వీడియో అయ్యాక ఫైల్లోకి దించుకుంటే మేలు.

టైమర్ వేగం మనమూ పెంచమనొచ్చు, కాకపోతే బ్యాటరీ తింటుంది. పైగా సిస్టమ్ బిజీగా ఉంటే అప్పుడూ ఆలస్యంగానే లేపుతుంది. స్లీప్ అంకెలు మార్చి చూసి "ఇప్పుడు పనిచేస్తోంది" అనే రిపేర్లంటే నాకు ఒళ్లు మంట. థ్రెడ్‌కి ఎంతసేపు పడుకోవాలో కాదు, ఎప్పటికి లేవాలో చెప్పాలి. ఆ గడువు ఆడియో గడియారం నుంచి లెక్కగట్టాలి. లేచాక మళ్లీ గడియారం చూసుకుని, బాగా ఆలస్యమైతే ఆ ఫ్రేమును వదిలేయాలి. ఒక ఫ్రేము పోతే కన్ను సర్దుకుంటుంది, శబ్దంలో చిన్న తెగుడైనా చెవి ఊరుకోదు. అందుకే పెత్తనం ఆడియోది.

శబ్దం లేని సీసీ కెమెరా వీడియోకి ఆ పెద్దదిక్కు లేదు. అక్కడ ముందుకే నడిచే మోనోటోనిక్ గడియారం వాడాలి. సిస్టమ్‌లో కనిపించే మామూలు టైమ్ వద్దు. ఇంటర్నెట్ టైముతో సరిచేసుకుంటూ అది ఉన్నట్టుండి వెనక్కి జరిగిందంటే, థ్రెడ్ రాని గడువు కోసం పడుకునే ఉంటుంది.