కాచుకుని ఉండే ఓడ

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అందులోని 93 మందిలో ఒక్కరూ మిగల్లేదు. మత్స్యకారులకు శకలాలు దొరికాక, అడుక్కి దిగి చూసిరావడం ఐఎన్ఎస్ నిస్తార్ గజఈతగాళ్ల వంతయింది. నిస్తార్ ఆ ఏడాదే నౌకాదళంలో చేరిన సోవియట్ ఓడ. జలాంతర్గామిలో చిక్కుకున్నవాళ్లను ప్రాణాలతో పైకి తేవడానికి తెచ్చుకున్నది. తీరా దానికి తగిలిన మొదటి పెద్ద పనిలో కాపాడటానికి ప్రాణమే లేదు.

1989లో నిస్తార్ సెలవు తీసుకుంది.

ఆ లోటు ఎంతటిదో 2021 ఏప్రిల్‌లో కళ్లకు కట్టింది. ఇండోనేషియా జలాంతర్గామి నంగ్గాల జాడ తెలియడం లేదన్న కబురుకు విశాఖ నుంచి రక్షక వాహనం వెంటనే బయల్దేరింది. 650 మీటర్ల లోతుకు దిగి, ఒక్కో విడతలో 14 మందిని పైకి తేగల వాహనమది. దాన్ని మోసుకెళ్లింది మాత్రం షిప్పింగ్ కార్పొరేషన్ వారి వాణిజ్య నౌక సాబర్మతి! అది దారిలో ఉండగానే నంగ్గాల 800 మీటర్లకు పైగా లోతున ముక్కలై కనిపించింది. 53 మంది పోయారు. సొంత ఓడ ఉన్నా వాళ్లు దక్కేవాళ్లు కాదు. అయినా ఇంత ముఖ్యమైన పనికి అరువు ఓడేమిటన్న ప్రశ్న మిగిలింది.

విశాఖలోనే హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన కొత్త నిస్తార్ 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. పొడవు సుమారు 118 మీటర్లు, బరువు దాదాపు పదివేల టన్నులు. గజఈతగాళ్లను 300 మీటర్ల లోతుకు దించగలదు. అసలు కష్టం దిగడంలో కాదు, పైకి రావడంలో ఉంది. ఓడలోని ఉక్కు గదిలో, అడుగున ఉండే ఒత్తిడిలోనే తిండీ నిద్రా. పీల్చేది హీలియం కలిపిన గాలి కాబట్టి గొంతులు కీచుగా మారతాయి. 300 మీటర్ల ఒత్తిడి నుంచి మామూలు గాలికి రావాలంటే పది రోజులు పైనే పడుతుంది. తొందరపడితే రక్తంలో బుడగలు లేచి ప్రాణం తీస్తాయి.

సర్వరు ఎప్పుడు పడిపోతుందోనని తలగడ పక్కన ఫోను పెట్టుకుని పడుకునే కొత్తగూడ ఐటీ కుర్రాళ్లకు ఈ కాచుకుని ఉండే కొలువు కొంత తెలిసినదే. వాళ్లకు వారానికోసారైనా ఫోను మోగుతుంది. ఇక్కడ ఏళ్ల తరబడి మోగకపోవచ్చు, మోగకూడదనే అందరూ కోరుకుంటారు. అందుకే సాధన కోసం ఉత్తుత్తి ప్రమాదాలు కల్పించుకుంటారు. కొత్త నిస్తార్ 2025 సెప్టెంబరులోనే సింగపూర్ వెళ్లి, ఇతర దేశాల నౌకాదళాలతో కలిసి పసిఫిక్ రీచ్ అనే జలాంతర్గామి రక్షణ విన్యాసంలో పాల్గొంది.