ఒక్క వాద్యంలో పలు గొంతులు

ఇటలీ స్వరకర్త లూచానో బెరియో 1958లో ఫ్లూట్ కోసం ఒక ఏకవాద్య రచన చేశాడు. దానితో మొదలైన వరస 2002 దాకా సాగి, హార్ప్, పియానో, ట్రాంబోన్, ఓబో, వయొలిన్, చివరికి చెల్లో కలుపుకుని పద్నాలుగు రచనలైంది. అన్నిటికీ పేరొక్కటే, సెక్వెన్జా. పక్కన ఓ అంకె. కొత్తగా విన్నవారు ఇవి వేళ్ళకూ ఊపిరికీ పెట్టిన కసరత్తులని, వీటిలో సంగీతం లేదని అంటారు. కష్టమన్న మాట నిజమే. కానీ ఆ కష్టానికి ఓ పని ఉంది. మామూలుగా ఒకసారికి ఒకే స్వరం పలికే వాద్యంలోంచి పలు గొంతులను వినిపించాలని బెరియో పూనుకున్నాడు. అది తేలిగ్గా వాయిస్తే జరిగేది కాదు.

1969లో స్విస్ ఓబో విద్వాంసుడు హైంజ్ హోలిగర్ కోసం రాసిన ఏడో సెక్వెన్జానే చూడండి. ‘బి’ స్వరం ఒకటి కనబడని చోటి నుంచి మొదలుకొని చివరి దాకా సన్నగా మోగుతూనే ఉంటుంది. తంబురా శ్రుతికి అలవాటుపడిన మన చెవికి ఇది పరాయిగా తోచదు. ఓబో కూడా ఆ ‘బి’తోనే మొదలవుతుంది. అయితే మీటల మీద వేళ్ళు మార్చి మార్చి పట్టడంతో అదే స్వరం ఒకసారి మందంగా, ఒకసారి పదునుగా, మరోసారి గరగరలాడుతూ వస్తుంది. స్థాయి మారదు, రంగు మారుతుంది. తర్వాత కొత్త స్వరాలు ఒక్కొక్కటే చేరతాయి. ప్రతిదాన్నీ మనం ఆ శ్రుతితో సరిచూసుకుంటూ వింటాం. ఒకే ఊపిరిలో రెండు మూడు స్వరాలు కలిసి మోగే చోట్లూ ఉన్నాయి. ఈ గొంతులు మన ఊహేమో అనుకునేవారికి బెరియోనే జవాబిచ్చాడు: 1975లో ఇదే ఓబో రచన చుట్టూ తీగవాద్యాలను అమర్చి ‘షెమాఁ 4’ చేశాడు. ఒంటరి గీతలో దాగి ఉన్న స్వరసంపుటులనే ఆ తీగలు పైకి తెచ్చాయి.

ఐదో సెక్వెన్జా మీద మరో ఆక్షేపణ ఉంది, అది రంగస్థల విన్యాసమని. ట్రాంబోన్ వాద్యకారుడు మధ్యలో వాద్యం దించి, ఇంగ్లీషులో ‘వై’, అంటే ‘ఎందుకు’, అని అడుగుతాడు. గ్రోక్ అనే విదూషకుడి స్మృతిలో రాసిన రచన ఇది. కానీ ట్రాంబోన్ గంట ఆకారపు మూతిని మ్యూట్ అనే మూతతో మూసీ తెరిచీ తీసే ఊ, ఆ, ఈ అచ్చులే ఆ ప్రశ్నలో ఉన్నాయి. మాట బయటినుంచి వచ్చి పడలేదు, నాదంలోంచే పుట్టింది. అందుకే ఆ ఘట్టాన్ని తీసేస్తే మిగతా రచన అర్థం కాదు. చివరిది చెల్లో రచన. దాన్ని శ్రీలంక మూలాలున్న రోహన్ డి సరం కోసం రాశాడు. కాండీ మద్దెల నేర్చిన విద్వాంసుడాయన. అందుకని ఆ లయలు ఇందులోకి వచ్చాయి. వేళ్ళు తీగల మీదే కాదు, చెక్క ఒంటి మీదా దరువు వేస్తాయి. పాశ్చాత్య వాద్యాన్ని పగలగొట్టి కొత్తదనం తెచ్చే ఆర్భాటం ఇక్కడ లేదు. ఆ వాద్యకారుడి చేతుల్లో అప్పటికే ఉన్న విద్యకు చెల్లో చోటిచ్చింది, అంతే.