బ్యాట్ నుంచా, చేతి నుంచా?

బేస్‌బాల్ రూల్ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ, అంపైర్‌కు అన్నిటికన్నా ఎక్కువ తిట్లు తెచ్చిపెట్టేదీ ఇంటర్‌ఫియరెన్స్, అంటే ఫీల్డర్‌కు రన్నర్ అడ్డుపడటం. ఇక్కడ డాలస్‌లో వారాంతాల్లో పిల్లల మ్యాచ్‌లకు అంపైర్‌గా నిలబడతాను. రన్నర్, ఫీల్డర్ ఢీకొంటే చాలు, కంచె అవతలి నుంచి ఒకటే కేకలు: "వాడు కావాలని చేయలేదు!" ఆ మాట చెల్లుతుందా లేదా అన్నది ముందు ఒక్క సంగతిని బట్టి ఉంటుంది. బంతి బ్యాట్ నుంచి వచ్చిందా, ఫీల్డర్ చేతి నుంచి వచ్చిందా?

బ్యాట్ నుంచి వచ్చిన బంతి కోసం వెళ్లే ఫీల్డర్‌దే దారి. రన్నర్ తప్పుకోవాల్సిందే, చూడలేదంటే కుదరదు. 2024 మే 23న షికాగోలో వైట్ సాక్స్, ఓరియోల్స్ మ్యాచ్ ఇలాగే ముగిసింది. బంతి ఇన్‌ఫీల్డ్ మీదే గాల్లోకి లేచింది. రెండో బేస్ వైపు వెనక్కి వస్తున్న వైట్ సాక్స్ రన్నర్ ఆండ్రూ వాన్, ఓరియోల్స్ షార్ట్‌స్టాప్ గన్నర్ హెండర్సన్‌కు అడ్డొచ్చాడు. హెండర్సన్ క్యాచ్ పట్టేశాడు. అయినా వాన్ ఔట్, ఇన్‌ఫీల్డ్ ఫ్లై రూల్ (తేలికైన క్యాచ్ పట్టకపోయినా బ్యాటర్‌ను ఔటిచ్చేది) కింద బ్యాటర్ ఔట్. 8-6తో ఓరియోల్స్ గెలిచారు.

విసిరిన బంతి దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ కావాలని అడ్డుపడితేనే తప్పు. క్రికెట్‌లో అబ్‌స్ట్రక్టింగ్ ద ఫీల్డ్ ఎరిగిన మనవాళ్లకు ఇది కొత్త కాదు. 1978 వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో త్రో రన్నర్ రెజీ జాక్సన్ తుంటికి తగిలి పక్కకు పోయింది. అంపైర్లు ఇంటర్‌ఫియరెన్స్ ఇవ్వలేదు. తుంటి కావాలనే పెట్టాడని ఫీల్డింగ్ చేస్తున్న డాడ్జర్స్ మొత్తుకున్నారు.

ఈ రెండు లెక్కలకూ లొంగనిది మొదటి బేస్ దారి. మేజర్ లీగ్‌లో 2023 దాకా 90 అడుగుల పరుగులో రెండో సగం, ఫౌల్ గీతకు కుడివైపున్న 3 అడుగుల పట్టీలో పరుగెత్తాల్సి ఉండేది. బయట పరుగెత్తుతూ, త్రో అందుకునే ఫీల్డర్‌కు అడ్డయ్యాడని అంపైర్ భావిస్తే ఔటే. ఉద్దేశంతో పని లేదు, బంతి ఒంటికి తగలాల్సిన అవసరమూ లేదు. అందుకే ప్లేట్ దగ్గరున్నప్పుడు నేను రన్నర్ వెనకే గీత వెంబడి నాలుగడుగులు వేసి, అతని పాదాలు ఎక్కడ పడుతున్నాయో చూస్తాను. చిక్కేమిటంటే, బేస్ ఉండేది గీతకు లోపలివైపు. కుడిచేతి బ్యాటర్ నేరుగా బేస్‌కు పరుగెత్తితే ఆ పట్టీ బయటే ఉండేవాడు.

2019 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో, హ్యూస్టన్‌లో, నేషనల్స్ ఆటగాడు ట్రే టర్నర్ అలాగే పరుగెత్తాడు. పిచ్చర్ త్రో అతనికి తగిలింది. ప్లేట్ అంపైర్ శామ్ హోల్‌బ్రుక్ ఔట్ ఇచ్చాడు. వాదనకు దిగిన మేనేజర్ డేవ్ మార్టినెజ్‌ను మైదానం నుంచి పంపేశారు. నేషనల్స్ 7-2తో గెలిచారు కాబట్టి గొడవ సద్దుమణిగింది.

అప్పటి రూల్ ప్రకారం హోల్‌బ్రుక్ నిర్ణయం సరైనదే. లోపం రూల్‌లో ఉంది. 2024లో మేజర్ లీగ్ ఆ పట్టీని గీతకు లోపలి మట్టి మీదికి, గడ్డి అంచు దాకా పెంచింది. ఎప్పుడో చేయాల్సిన మార్పు ఇది.