పాత కొట్టు పునర్నిర్మాణం: వస్తువులు, సంబంధాలు

కపిలేశ్వరపురం వంటి గౌతమీ తీరపు ఊళ్ళో 1950 నాటి కిరాణా కొట్టు ఎలా ఉండేదో ఒక ప్రదర్శనశాలలో చూపించాలనుకుందాం. కొట్టు లోపలి భాగాన్ని తిరిగి నిర్మించే పనిని మీకు అప్పగిస్తే ఎక్కడ మొదలుపెడతారు? సాధారణంగా వస్తువుల సేకరణతో మొదలవుతుంది: గల్లాపెట్టె, త్రాసు, మానిక, సోల, కిరసనాయిలు డబ్బా. ఇది అవసరమే గాని చాలదు. ఎందుకో పరిశీలిద్దాం.

మొదటి ప్రశ్న కాలానికి సంబంధించినది. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలయ్యాయి. కాబట్టి 1950 నాటి కొట్టులో కిలో రాయి, నయాపైస కనిపిస్తే ఆ ప్రదర్శన తప్పు. అక్కడ ఉండవలసినవి వీశె, మణుగు, అణా, కానీ. ఎనిమిది వీశెలు ఒక మణుగు, పదహారు అణాలు ఒక రూపాయి అన్న లెక్క చూసేవారికి అర్థమయ్యేలా చెప్పాలి.

రెండవ ప్రశ్న మరింత ముఖ్యమైనది: ఆ కొట్టులో ఎవరు ఎక్కడ నిలబడేవారు? ఇంగ్లండులోని యార్క్ కాజిల్ మ్యూజియంలో 1938లో తెరిచిన 'కిర్క్‌గేట్' వీధి ఇక్కడ మంచి ఉదాహరణ. డాక్టర్ జాన్ కిర్క్ సేకరించిన వస్తువులతో, పాత దుకాణాల ముఖభాగాలతో అది రూపొందింది. 2012లో దానిని పునరుద్ధరించినప్పుడు 1870–1901 మధ్య యార్క్‌లో నిజంగా నడిచిన దుకాణాలను ఆధారంగా తీసుకున్నారు. పేదల బతుకును చూపే సందును కూడా చేర్చారు. అందంగా కనిపించే గతం కంటే ఆధారమున్న గతానికి విలువ ఎక్కువని ఈ మార్పు చెబుతుంది.

ఈ సూత్రాన్ని మన కొట్టుకు అన్వయించండి. దళితులు మెట్టెక్కకుండా బయటే నిలబడి సరుకు తీసుకోవలసిన ఊళ్ళు అప్పట్లో ఎన్నో. దుకాణాల్లో ప్రవేశానికి కులం అడ్డు కాకూడదని రాజ్యాంగం 15(2) అధికరణంలో ప్రత్యేకంగా రాయవలసి వచ్చిందంటే కారణం అదే. అందువల్ల కొట్టు అరుగు, గడప అలంకారాలు కావు, చారిత్రక సాక్ష్యాలు. అరువు పద్దుల పుస్తకం కూడా అటువంటిదే. కోతల దాకా ఆగే కూలీ కుటుంబం అవసరం, షావుకారు అధికారం రెండూ అందులో నమోదవుతాయి. వీటిని వదిలేసి గాజు సీసాలు, బిళ్ళల డబ్బాలు మాత్రమే పేర్చితే చూసేవారికి ముచ్చట కలుగుతుంది, చరిత్ర మాత్రం అందదు.

కాబట్టి ఇటువంటి ప్రదర్శనను విమర్శించేటప్పుడు 'వస్తువులు అసలైనవేనా?' అని అడగడంతో ఆగకండి. 'ఈ గడప ఎవరు దాటగలిగేవారు? ఈ పుస్తకంలో ఎవరి పేర్లు ఉండేవి?' అని కూడా అడగండి.

అభ్యాసం: మీ ఊళ్ళోని ఒక పాత కొట్టు గురించి ఇద్దరు పెద్దలను విడివిడిగా అడగండి. ఒకరు కొట్టు లోపలికి వెళ్ళినవారు, మరొకరు బయట నిలబడినవారు అయ్యేలా చూడండి. వారి జ్ఞాపకాలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ వేరవుతాయో పది వాక్యాల్లో రాయండి.