నిదానపు నోవా – ఓపికగా చదవాల్సిన వర్ణపటం

1967 జులైలో జార్జ్ ఆల్కాక్ అనే ఇంగ్లండ్ బడిపంతులు బైనాక్యులర్స్‌తో ఆకాశం గాలిస్తూ డెల్ఫినస్ రాశిలో ఒక నోవాను పట్టుకున్నాడు. చాలా నోవాలు కొద్ది రోజుల్లోనే భగ్గుమని శిఖరానికి చేరి తగ్గుముఖం పడతాయి. ఇది మాత్రం ఐదు నెలలు ఊగిసలాడి డిసెంబరులో గాని పూర్తిగా వెలగలేదు. మన హైదరాబాద్‌కు అది దాదాపు నడినెత్తి మీదుగా దాటే తార.

ఆ మరుసటి ఏడే, 1968లో, జపాల్–రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి 48 అంగుళాల దూరదర్శిని నిలబడింది. హైదరాబాద్‌లోని చంపాపేట్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుంటే అటే వెళతాం. ఈ వేధశాలల పరంపరకు మొదలు మరీ దగ్గర: చంపాపేట్‌ పక్కనే ఉన్న ఫిసల్‌బండలో 1901లో నవాబ్ జఫర్ జంగ్ వేధశాల పెట్టాడు. తర్వాత అదే బేగంపేటకు మారిన నిజామియా. ఏళ్ల తరబడి ఒకే పని విసుగులేకుండా చేయడం ఆ వేధశాల నేర్పిన విద్య. నిదానపు నోవాకు కావలసింది సరిగ్గా అదే.

నోవా అంటే జంట తారల కథ. శ్వేత మరుగుజ్జు మీద పక్క తార హైడ్రోజన్ పొరలుగా పేరుకుంటుంది. అడుగున వేడి హద్దు మీరగానే సంలీనం అంటుకుని పై పొర ఎగిరిపోతుంది. ఎంత వేగంగా ఎగిరిందో వర్ణపటమే చెబుతుంది. హైడ్రోజన్ ఎర్రగీత స్థానం 6563 ఆంగ్‌స్ట్రామ్‌లు. అక్కడ వెలుగు మూపురంలా లేచి, దాని నీలం అంచున చిన్న గుంట పడుతుంది. ఆ గుంట మన వైపు దూసుకొస్తున్న వాయువుది. అది 15 ఆంగ్‌స్ట్రామ్‌లు జరిగితే వేగం సెకనుకు సుమారు 685 కిలోమీటర్లు.

పనితీరులో హడావిడి పనికిరాదు. ముందు నియాన్ దీపం గీతలతో కొలత సరిచూసుకోవాలి. నోవా వర్ణపటం తీసిన వెంటనే, అదే ఎత్తున ఉన్న తెలిసిన తెల్లతార వర్ణపటాన్నీ తీయాలి. లేకపోతే గాలి మింగిన వెలుగు, పరికరం మింగిన వెలుగు లెక్కకు రావు. వీధిదీపాల గొడవ అనుకున్నంత లేదు. పరికరంలోకి వెలుగు దూరే చీలికలో తారకు ఇరువైపులా పడ్డ ఆకాశపు వెలుగును తీసేస్తే నోవా గీతలు నిలుస్తాయి. అందుకే చిన్న దూరదర్శిని, గ్రేటింగ్ ఉన్న విద్యార్థి కర్మన్‌ఘాట్ డాబా మీద నుంచీ ఈ పని చేయగలడని నా గట్టి నమ్మకం. మనకు అసలు అడ్డం వానాకాలమే.

ఒక్క రాత్రి చూసి తీర్పు చెప్పకూడదు. 2021 మార్చిలో జపాన్‌లో యుజి నాకమురా కనుగొన్న వి1405 కాసియోపియా అనే నోవా తొలి రోజుల్లో హీలియం, నైట్రోజన్ గీతలు చూపింది. మేలో శిఖరం చేరేసరికి ఇనుము గీతలు ముందుకొచ్చాయి. వరుసగా తీసినవారికే ఆ మార్పు దక్కింది. వాయువు పల్చబడ్డాక 5007 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఆక్సిజన్ ఆకుపచ్చ గీత మొలుస్తుంది. అది ఏ రాత్రి మొదట కనబడిందో తేదీతో సహా రాసి ఉంచాలి.