ఎవరి మానిక వారిదైతే

విద్యార్థుల సింథటిక్ బయాలజీ ప్రాజెక్టుల్లో చూడగానే కన్ను నిలిచేది పచ్చగా మెరిసే ఇ. కోలై బ్యాక్టీరియా ఫొటో. ముచ్చటగానే ఉంటుంది. కానీ అది ఎంత మెరిసింది, ఏ కొలతలో, మెరిసే జన్యువు ఎక్కించని బ్యాక్టీరియాతో పోలిస్తే తేడా ఎంత అన్నది చెప్పేదాకా దాన్ని ఫలితమని ఒప్పుకోవడానికి నాకు మనసొప్పదు. మెరుపును కొలిచే ప్లేట్ రీడర్ యంత్రం అంకె ఇస్తుంది కదా అంటారు. ఇస్తుంది, దానికి యూనిట్ ఉండదు. ఒకే కల్చర్‌ను రెండు యంత్రాల్లో పెడితే రెండు అంకెలు రావచ్చు. ఒక్కో ఊరి మానిక ఒక్కోలా ఉన్నప్పుడు, పక్కూళ్ళో పండిన ధాన్యం మన ఊరి పంట కంటే ఎక్కువో తక్కువో తేల్చేదెలా?

2004లో ఐదు జట్లతో మొదలైన ఐజెమ్ (iGEM) అనే విద్యార్థుల సింథటిక్ బయాలజీ పోటీ ఈ చిక్కును ఆ విద్యార్థుల చేతనే విప్పించింది. 2018లో ఆ పోటీలో భాగంగా 244 ల్యాబులు ఒకే ప్లాస్మిడ్ల (జన్యువులను మోసే డీఎన్ఏ వలయాల) సెట్‌ను ఇ. కోలైలోకి ఎక్కించి, ఒకే పద్ధతిలో కొలిచాయి. బ్యాక్టీరియా అంత సైజుండే సిలికా పూసలను, లెక్క తెలిసినవాటిని, ప్లేటులో ఒక గుంట నుంచి మరో గుంటకు సగానికి సగం పలుచన చేస్తూ పోయారు. ఏ మసకకు ఎన్ని పూసలో తెలిస్తే, అదే మసకలో సుమారు ఎన్ని బ్యాక్టీరియా ఉన్నాయో లెక్కగట్టవచ్చు. మెరుపు లెక్కకు ఫ్లోరెసిన్ రంగు. పూసల కొలతల్లో 95.5 శాతం అంచనాకు 1.2 రెట్ల తేడా లోపే నిలిచాయి. ఇంకా గట్టి సాక్ష్యం మరొకటుంది: ఒక్కో కణం ఎంత మెరుస్తుందన్న విషయంలో, కణాలను ఒక్కొక్కటిగా చూసే ఫ్లో సైటోమీటర్ లెక్కకూ ప్లేట్ రీడర్ లెక్కకూ సగటు తేడా 1.07 రెట్లే. ఇదంతా చాలావరకు పిపెట్ పట్టడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళ పని!

సెలవుల్లో చేసే ప్రాజెక్టుకు ఇంత తూకం ఎందుకు, కొత్త ఆలోచనకు సంకెళ్ళు వేయడం కాదా అంటారు. 2006లో ఇదే పోటీలో ఎడిన్‌బరా జట్టు తాగునీటిలో ఆర్సెనిక్‌ను పసిగట్టే బ్యాక్టీరియాను తయారుచేసింది. అంతకంటే కొత్త ఆలోచన ఏం కావాలి? కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత లీటరుకు 10 మైక్రోగ్రాములు. ఎనిమిదికీ పన్నెండుకీ తేడా చెప్పలేకపోతే ఆ ఆలోచన ఏ బావి దగ్గరా పనికిరాదు. జీవం ఉన్నది గనుక పూటకో తీరుగా ఉంటుందన్నది ఇంకో మాట. నిజమే. అయితే ఆ తేడాలో బ్యాక్టీరియా వాటా ఎంతో, యంత్రం వాటా ఎంతో విడదీయాలన్నా ముందు యంత్రాన్ని సరిచూసుకోవాలి కదా.

పూసలకూ లోపం లేకపోలేదు. బ్యాక్టీరియా సాగి పొడవైతే, ఉబ్బితే ఆ లెక్క తప్పుతుంది. పైగా పూసలు చప్పున అడుక్కి చేరతాయి. ప్రతిసారీ పూసల గొట్టాన్ని బాగా కలిపాకే పిపెట్ ముంచాలి, లేదంటే మొదటి గుంటలో జరిగిన తప్పు చివరి గుంట దాకా అదే పాళ్ళలో వెంటే వస్తుంది.