పేము అల్లిన కుర్చీ
పాత టేకు రాతబల్ల కుర్చీ కిర్రుమంటుంటే మేకు కొట్టకండి, చెక్క చీలుతుంది. కీళ్లు విప్పి, ఎండిన జిగురు గీకేసి, కొత్తది పూసి, తాడు చుట్టి పుల్లతో మెలేసి రాత్రంతా వదిలేయాలి. తర్వాత 120, ఆపైన 220 నంబరు గరుకు కాగితం. స్పిరిట్‌లో కరిగిన లక్కను గుడ్డ ఉండతో పలచగా పూతమీద పూత రుద్దుతుంటే టేకు తేనెరంగు మళ్లీ తేలుతుంది. ఎంత బాగుంటుందో!

అసలు విద్య మాత్రం కూర్చునేచోటి అల్లికదే. తడిపి మెత్తబరిచిన పేము బద్దలు నిలువుగా, అడ్డంగా, ఐమూలగా సాగుతూ ఎనిమిది మూలల కళ్లను తెరుస్తాయి. మన ప్రభుత్వ కార్యాలయాల కుర్చీలు అల్లినవారిలో చూపులేనివారు ఎందరో. బద్ద బిగువును వేలికొసలతోనే పట్టేవారు. మన ఎండల్లో ఇంత గాలాడే ఆసనాన్ని ఏ స్పాంజి మెత్తా ఇవ్వలేదు.